మూడు నెలలకని వెళ్లిన దంతవైద్యుడు

పళ్లూడగొట్టుకొనుటకు ఏ రాయియైన నేమి అని మన పెద్దలు సామెత చెప్పుదురు. నిజమే, పగులగొట్టుటకు ఏ రాయియైనను చాలును. పగిలినదానిని తిరిగి కూర్చుటకు మాత్రము ఏ చేయి పడితే ఆ చేయి చాలదు. పని నేర్చిన చేయి కావలెను. 1914వ సంవత్సరమున ఐరోపాలో మహాయుద్ధము ఆరంభమైనప్పుడు రాళ్లు కాదు, ఫిరంగి గుండ్ల తునకలు మనుష్యుల ముఖములమీద పడెను. వాటిని కూర్చగల చేతులు బహు కొద్దిగా ఉండెను. అట్టి చేతులుగల ఒకని జీవితమును ఈ నెల చదువరుల ఎదుట ఉంచుచున్నాము. ఆయన రాజు కాడు, సేనాధిపతి కాడు, బోధకుడును కాడు. పండ్ల డాక్టరు. పేరు వరజ్‌తాద్ కజాంజియన్.

యుద్ధములో పండ్ల డాక్టరుకు పనియేమున్నదని మనలో కొందరు అనుకొనవచ్చును. ఆ కాలపు గొప్ప సేనానాయకులును అట్లే అనుకొనిరి. ఆ తలంపువలన ఎందరు శ్రమపడిరో, ఒక మనుష్యుడు తన పనిని తక్కువగా ఎంచుకొనక నిలిచినందున ఎందరికి మేలు కలిగెనో ఈ చరిత్రవలన తెలియును.

ఆర్మీనియా బిడ్డ

కజాంజియన్ ఆర్మీనియా జాతివాడు. ఆ జాతివారు మనకు బొత్తిగా క్రొత్తవారు కారు. చెన్నపట్టణములో హైకోర్టు దాపున ఆర్మీనియను వీధి యని ఒక వీధి కలదు. వర్తకమునకై వచ్చి అక్కడ స్థిరపడిన ఆర్మీనియనులు 1772లో కట్టుకొనిన దేవాలయము ఆ వీధిలో నేటికిని నిలిచియున్నది. లోకములోని మొట్టమొదటి ఆర్మీనియను పత్రికను 1794లో వెలువరించినవాడు ఆ పట్టణమందలి ఆర్మీనియను గురువే. వారి స్వదేశము కాకసస్ పర్వతములకు దక్షిణముగా, తుర్కీ తూర్పు భాగమువరకు వ్యాపించిన కొండల సీమ. నాలుగవ శతాబ్దపు ఆరంభమునందే వారి రాజు క్రైస్తవ మతమును అంగీకరించెను. ఐదవ శతాబ్దములో మెస్రోప్ అను గురువు వారి భాషకు అక్షరములు కూర్చగా బైబిలు ఆ భాషలోనికి వచ్చెను.

ఆ సీమలోని ఎర్జింజాన్ పట్టణములో 1879 మార్చి 18న కజాంజియన్ జన్మించెను. ఆదికాండములో మనము చదువు యూఫ్రటీసు నది పడమటి పాయ ఆ మైదానముగుండ పారును. ఆ కాలమున ఆ సీమ తుర్కీ సుల్తాను పాలనలో ఉండెను. 1894 మొదలు 1896 వరకు సుల్తాను అబ్దుల్ హమీదు దినములలో అక్కడి ఆర్మీనియనుల ఊళ్లపై ఘోరమైన దాడులు జరిగెను. లక్షకు పైగా జనులు చంపబడిరి. పిల్లలను దూర దేశములకు పంపివేయగలవారు పంపివేసిరి. 1895లో పదునారేండ్ల వరజ్‌తాద్ ఓడ యెక్కి అమెరికా చేరెను. భాష రాదు, చేతిలో ధనము లేదు.

తీగల మిల్లు

అతడు చేరిన ఊరు మసాచుసెట్సు రాష్ట్రములోని వూస్టర్. ఆ ఊరిలో ఇనుప తీగలు లాగు పెద్ద మిల్లు ఉండెను. ఆర్మీనియనులు అనేకులు అందులో కూలికి కుదిరిరి, అతడును కుదిరెను. మన ఊరి కంసాలి వెండి కడ్డీని కమ్మచ్చు రంధ్రములగుండ లాగి సన్నని తీగ చేయుట మీలో అనేకులు చూచియుందురు. ఒక్కొక్క రంధ్రము ముందరిదానికంటె చిన్నది. తొందరపడి లాగినయెడల తీగ తెగును. ఓర్పుతో లాగినయెడల వెండ్రుకవలె సాగును. మిల్లులో జరుగు పనియు అదే. కాకపోతే వెండికి బదులు ఇనుము, మనిషి బలమునకు బదులు యంత్రబలము.

పగలు తీగలు లాగుచు, రాత్రులు పుస్తకములు చదువుచు అతడు ఏండ్లు గడిపెను. తీగ ఎంత వంచిన వంగునో, ఎక్కడ తెగునో, ఎట్లు మెలిపెట్టిన బిగియునో అతని వ్రేళ్లకు తెలిసెను. ఆ సంగతి ముందుకు ఉపయోగపడునని ఆ దినములలో అతడు గాని, అతని తోటి కూలివారు గాని ఎరుగరు. 1900లో అతడు అమెరికా పౌరుడాయెను. 1902లో బోస్టను పట్టణమందలి హార్వర్డు దంతవైద్య పాఠశాలలో చేరి 1905లో పట్టము పొందెను. అప్పటికి అతనికి ఇరువదియారేండ్లు.

పట్టము పొందిన పిమ్మట ఆయన బోస్టనులోనే వైద్యము చేయుచు, తాను చదివిన పాఠశాలలో కట్టుడు పండ్లు చేయు విద్యను నేర్పుచుండెను. దవడ విరిగినవారిని కూడ ఆ పాఠశాలకు తెచ్చుచుండిరి. ఈ పనిలో ఆయన చేయి తిరిగెను.

దవడ విరుగుట ఎట్టి కష్టమో ఒకసారి ఆలోచించుడి. కాలు విరిగినవానికి మన పుత్తూరు వైద్యులు వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టుదురు. దవడకు బద్ద ఎక్కడ పెట్టవలెను? అది మాటకు కదలును, మ్రింగుటకు కదలును, నిద్రలోను కదలును. ఎముక ముక్కలు సరియైన చోట కూర్చుండినవో లేదో పైనుండి చూచి తెలిసికొనుట కష్టము. ఐతే దానికి ఒక గురుతు కలదు. తిరగలి పైరాయి క్రింది రాతిమీద సరిగా కూర్చున్నప్పుడే పిండి పడును. అట్లే పైపండ్లు క్రింది పండ్లతో ముందువలె కలిసినయెడల, వాటి క్రిందనున్న ఎముకయు ముందువలె కూర్చున్నదని అర్థము. ఈ గురుతును ఎరిగినవాడు దంతవైద్యుడు. కత్తి పట్టు గొప్ప డాక్టరుకు శరీరమంతయు తెలిసినను, ఈ పండ్ల కలయిక అంతగా తెలియదు.

అంతకుముందు దవడకు అచ్చు తీసి, బరువైన పనిముట్లు పోతపోసి బిగించుచుండిరి. అది ఆలస్యము, నోటికి బాధ. కజాంజియన్ సన్నని తీగను పండ్లకు చుట్టి, మెలిపెట్టి, పైపండ్లను క్రింది పండ్లతో బంధించు సులువైన పద్ధతిని అభ్యాసము చేసెను. తీగ కొనను చిన్న గుండీవలె చుట్టి, పై గుండీకిని క్రింది గుండీకిని రబ్బరు తగిలించినయెడల దవడ మెల్లగా తన చోటికి వచ్చును. నేటికిని దంతవైద్యులు దానిని కజాంజియన్ గుండీ యనియే పిలుచుదురు. మిల్లులో నేర్చిన తీగపని ఈ విధముగా మనుష్యుల నోటిలో మేలు చేసెను. యుద్ధమునకు ముందే నాలుగు వందలకు పైగా దవడ విరిగినవారికి ఆయన వైద్యము చేసియుండెను.

పండ్ల డాక్టరు లేని సేన

1914 ఆగస్టులో ఆంగ్ల సేన ఫ్రాన్సు దేశమునకు దాటినప్పుడు దానితోకూడ ఒక్క దంతవైద్యుడైనను వెళ్లలేదు. దానికి ముందు దక్షిణాఫ్రికాలో 1899 మొదలు 1902 వరకు జరిగిన యుద్ధములో, గట్టి రొట్టెలు కొరుకలేక, పండ్ల బాధతో వేలకొలది సిపాయీలు ఆసుపత్రుల పాలైరి. ఆ పాఠమును త్వరగా మరచిరి. తుదకు ఆ సేనలోని పెద్ద అధికారియైన హెయిగ్ దొరకే 1914 అక్టోబరులో యుద్ధము నడుమ పన్నుపోటు రాగా, పారిసు పట్టణమునుండి దంతవైద్యుని పిలిపించుకొనవలసి వచ్చెనని చెప్పుదురు. ఆ తరువాతనే కొందరు దంతవైద్యులను సేనలో చేర్చుకొనిరి. ఒక్కని పన్ను నొచ్చినగాని వేలమంది నొప్పి తెలియలేదు!

పండ్లపోటు అటుండగా, అంతకు మించిన ఆపద వచ్చెను. ఫ్రాన్సులో ఉభయ సేనలును నిలువెత్తు కందకములు త్రవ్వుకొని ఎదురెదురుగా కూర్చుండెను. 1914 శరత్కాలమునుండి 1915 చివరివరకు మన దేశపు సిపాయీలును ఆ కందకములలో ఉండిరి. కందకములో దేహమంతయు మరుగున ఉండును. తల యెత్తి చూచినప్పుడు ముఖమే గురియగును. తరువాత ఉక్కు టోపీలు వచ్చి అనేకుల ప్రాణములు కాపాడెను గాని, టోపీ ముఖమును కప్పదు గదా. ముందైతే చనిపోవలసినవారు దవడలు లేక, ముక్కులు లేక బ్రదికి ఆసుపత్రులకు వచ్చుచుండిరి.

ఇట్టివారికి ఏమి చేయవలెనో సామాన్య వైద్యులకు తెలియలేదు. ఆంగ్ల సేనలో పనిచేసిన విలియం కెల్సీ ఫ్రై అను వైద్యుడు తరువాతి కాలమున ఒక సంగతి చెప్పెను. దవడ పగిలిన ఒక సిపాయిని, తల ముందుకు వంచియుంచి, ఆయన నడిపించుకొనివచ్చి ప్రథమచికిత్స చేయు చోట అప్పగించెను. అక్కడివారు జాలిపడి అతనిని మోతబల్లమీద వెల్లకిల పరుండబెట్టిరి. దవడ ఆధారము తప్పిన నాలుక వెనుకకు జారి గొంతునకు అడ్డుపడెను. ఆ సిపాయి కొద్దిసేపటిలోనే ఊపిరాడక మరణించెను. వారు కీడు తలంచినవారు కారు. మేలు చేయుచున్నామనియే తలంచిరి. తెలియని జాలి చంపెను. తెలిసిన చేయి ఉండినయెడల అతడు బ్రదికియుండును. కాబట్టి విద్యగలవాడు తన విద్యతో ఇంట కూర్చుండుట చిన్న సంగతి కాదు.

మూడు నెలల మాట

1915లో హార్వర్డు విశ్వవిద్యాలయము ఆంగ్ల సేనకు సహాయముగా వైద్యుల జట్టును పంపుటకు నిశ్చయించెను. అమెరికా అప్పటికి యుద్ధములో లేదు. 1917 ఏప్రిలులో గాని అది యుద్ధములో దిగలేదు. కాబట్టి వెళ్లువారు ఎవరి ఆజ్ఞవలనను వెళ్లినవారు కారు. శస్త్రవైద్యులును నర్సులును గల ఆ జట్టులో దంతవైద్యులు ముగ్గురు. వారికి పెద్ద కజాంజియన్. గడువు మూడు నెలలు. 1915 జూను నెలలో ఆ జట్టు ఓడ యెక్కెను.

ఆ సంవత్సరముననే ఆయన పుట్టిన సీమలో జరిగినది మనము తెలిసికొనవలెను. ఏప్రిలు 24న తుర్కీ ప్రభుత్వము రాజధానిలోని ఆర్మీనియా పెద్దలను బంధించెను. పిమ్మట ఊరి వెంబడి ఊరు ఖాళీచేయించి, జనులను ఎడారి దారులు పట్టించెను. హార్వర్డు జట్టు ఓడ యెక్కిన జూను నెలలోనే ఎర్జింజాన్ ఆర్మీనియనులను బయలుదేరదీసి, కెమాఖ్ అనుచోట యూఫ్రటీసు నది ఇరుకు లోయలో వేలకొలదిగా సంహరించిరి. ఆ సంహారములో ఆర్మీనియా జాతివారు మొత్తముమీద పది లక్షలవరకు నశించిరి.

కజాంజియన్ ఇరువదియేండ్ల క్రిందట విడిచి వచ్చిన ఊరు ఈ విధముగా తుడిచివేయబడెను. ఆ ఊరికి సహాయము తీసికొనిపోవుటకు ఏ వైద్యునికిని దారి లేదు. ఆయన ఎదుట ఉన్నది ఫ్రాన్సు సముద్రతీరమున కామియే అను చిన్న గ్రామము, అక్కడ గుడారములతోను రేకుల పాకలతోను వేసిన ఆసుపత్రి, బల్లమీద పరుండిన మనిషి. ఆ మనిషి ఆయన జాతివాడు కాడు, దేశస్థుడు కాడు, భాషయు ఆయనకు పుట్టుకతో వచ్చినది కాదు. ఆయన ఆ మనిషిని చేరదీసెను.

కామియే ఆసుపత్రి

రైళ్లలో గాయపడినవారిని తెచ్చుచుండిరి. ముఖము పగిలినవానికి ఆకలి ఉండును గాని నమలలేడు. దప్పిక ఉండును గాని మ్రింగలేడు. బాధ ఉండును గాని చెప్పలేడు. పసిబిడ్డకు ఉగ్గుగిన్నెతో పోసినట్లు, ముక్కుగల గిన్నెకు రబ్బరు గొట్టము తగిలించి పాలు, గంజి, గుడ్డుసొన పోయవలెను. ఒక్కొక్కనికి ఒక్కొక్క పూట ఎంతో సమయము పట్టును. నోటినుండి లాలాజలము ఎడతెగక కారుచుండును. గాయము శుభ్రము చేయనియెడల చీము పట్టును.

అంతకుముందు అనేక శస్త్రవైద్యులు చిరిగిన చర్మమును వెంటనే దగ్గరకు లాగి కుట్టివేయుచుండిరి. చూచుటకు గాయము మూసినట్లుండును. ఐతే లోపల ఎముక లేదు; స్తంభములు పడిపోయిన పాకపై కప్పు నిలుచునా? కొద్ది దినములకు చర్మము లోపలికి ముడుచుకొని, కుట్లు తెగి, ముఖము మునుపటికంటె వికారమగును. కజాంజియన్ వరుస మార్చెను. మొదట శుభ్రము చేయవలెను. మిగిలిన ప్రతి పన్నును, ప్రతి ఎముక ముక్కను కాపాడవలెను. తీగలతో వాటిని తమ తమ చోట్ల నిలుపవలెను. ఎముక పోయిన చోట గంధకము కలిపి వేడిచేసి గట్టిపరచిన రబ్బరుతో ఆధారము చేసి పెట్టవలెను. ఇంటికి స్తంభములు నిలిపిన తరువాత కప్పు వేసినట్లు, అటు పిమ్మటనే చర్మమును కుట్టవలెను. ఈ పని ఒక్క దినములో తీరునది కాదు; వారములు, నెలలు పట్టును. శస్త్రవైద్యుడును దంతవైద్యుడును ఒకే బల్లయొద్ద నిలిచి చేయవలసిన పని.

ఇట్టి పనిలో ఆయన ఒంటరి కాడు. ఓగుస్ట్ షార్ల్ వాలదియే అను మరియొక దంతవైద్యుడు అంతకుముందే బులోన్ రేవు సమీపమున ఆంగ్ల సేనకొరకు దవడ వైద్యము ఆరంభించెను. తన మోటారుకారులోనే దంతవైద్యపు కుర్చీ అమర్చుకొని ఆయన తిరుగుచుండెను. ఆయన పనిని చూచియే గిల్లీస్ అను యువ వైద్యుడు ఇంగ్లండులో ముఖములు బాగుచేయు గొప్ప ఆసుపత్రిని నడిపించెను. ఆ ఊరిలో ముఖము చెడినవారు కూర్చుండు బల్లలకు నీలిరంగు వేసిరట, బాటసారులు ముందే తెలిసికొని జడియకుండుటకు. మనుష్యుడు తన ముఖమును పోగొట్టుకొనిన తరువాత తన బిడ్డల ఎదుటికి పోవుటకును జంకును. దవడను కూర్చుట అనగా వానికి అన్నము మాత్రమే కాదు, ఇంటికి పోవు ధైర్యమును ఇచ్చుట.

మూడు నెలలు గడిచెను. మాట ప్రకారము ఆయన తిరిగిపోవచ్చును. బోస్టనులో ఆయనకు ఆసుపత్రియు శిష్యులును సంపాదనయు ఉండెను. వెళ్లినయెడల నిందించువారు ఎవరును లేరు. ఆంగ్ల సైనిక వైద్యాధికారులు ఆయనను నిలిచియుండుమని కోరిరి. ఆయన నిలిచెను. మూడు నెలలు మూడేండ్లు దాటెను.

1916 జూలై 1న సోమ్ నది యుద్ధము మొదలైన ఆ ఒక్క దినమునందే ఆంగ్ల సేనలో 19,240 మంది చనిపోయిరి. గాయపడినవారితో కలిపి లెక్క 57,000 దాటెను. ఆ గాయములన్నియు తీరమందలి ఆసుపత్రులకే వచ్చెను. 1917 సెప్టెంబరు 4 రాత్రి శత్రు విమానములు కామియే ప్రాంతపు ఆసుపత్రిమీదనే బాంబులు వేయగా వైద్యసేవకులు కొందరు మరణించిరి. అట్టి చోట కజాంజియన్ తీగ, పట్టకారు, రబ్బరు చేతబట్టుకొని పనిచేయుచు పోయెను. ఆయన చేతిక్రింద వైద్యము పొందినవారు మూడు వేలకు పైబడిరి. పడమటి యుద్ధరంగపు అద్భుత పురుషుడని జనులు ఆయనను పిలువసాగిరి. 1919లో ఐదవ జార్జి రాజు ఆయనకు గొప్ప బిరుదునిచ్చి సన్మానించెను.

ఒక కష్టమైన ప్రశ్న

ఇక్కడ ఆలోచనగల చదువరి ఒక ప్రశ్న వేయవచ్చును. యుద్ధము చేయువారు పగులగొట్టుచుండగా వైద్యుడు అతుకుచు పోవుట, యుద్ధమును ఇంకను సాగించుటకు తోడ్పడుట కాదా? బాగుపడిన సిపాయిని తిరిగి కందకమునకే పంపిరి గదా? ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. పన్నుపోటు తీరినవారిని, చిన్న గాయములు మానినవారిని తిరిగి పంపిన మాట నిజము. యుద్ధమును ఆపు అధికారము వైద్యుని చేతిలో లేదు. ఆయన చేతిలో ఉన్నదెల్ల బల్లమీద పరుండి ఊపిరాడని మనిషి. ఆ మనిషిని విడిచిపెట్టినంతమాత్రమున యుద్ధము ఒక్క గడియ ముందుగా ఆగునా? ఆగదు, ఆ మనిషి మాత్రము చచ్చును. గాయపడినవాడు ఆయుధము క్రింద పెట్టిన క్షణమునుండి సిపాయి కాడు, మనిషి. 1864లో జెనీవా పట్టణమున రాజ్యములు ఒప్పుకొనిన మాట ఇదే. శత్రువైనను గాయపడినవానికి వైద్యము చేయవలెనను ఆ న్యాయమును 1949 నాటి జెనీవా ఒప్పందములు ఇంకను గట్టిపరచెను. గాయపడినవానిని ఏ పక్షమువాడని అడుగక పట్టించుకొనుట వైద్యుని బాధ్యత. ఆ వైద్యుని కాపాడుట యుద్ధము చేయువారి బాధ్యత.

దంతవైద్యునికి ఈ బాధ్యతలో పాలులేదని చెప్పుటకు ఇక వీలులేదు. కజాంజియన్ వంటివారి పని చూచిన తరువాత 1921లో ఆంగ్ల సేనలో దంతవైద్యులకు ప్రత్యేక దళము ఏర్పడెను. మన దేశపు సేనలోను 1941లో అట్టి దళము ఏర్పడెను.

నలువదియేండ్ల విద్యార్థి

1919లో బోస్టనుకు తిరిగివచ్చిన కజాంజియన్ చేసిన పని నాకు ఆయన యుద్ధసేవకంటె తక్కువగా తోచదు. ముఖముల వైద్యమును ఇంటివద్దను సాగింపవలెనన్న దంతవైద్యపు పట్టము ఒక్కటి చాలదు. శస్త్రచికిత్సకు పూర్ణ వైద్యపట్టము కావలెను. రాజు చేత సన్మానము పొందినవాడు, మూడు వేలమందికి వైద్యము చేసినవాడు, ఇక నాకు నేర్పువారెవరు అని అనవచ్చును. ఆయన అట్లనలేదు. నలువదియేండ్ల వయస్సున హార్వర్డు వైద్యకళాశాలలో కుర్రవారి ప్రక్కన విద్యార్థిగా కూర్చుండెను. 1921లో పట్టము పొందెను. 1941లో ఆ విశ్వవిద్యాలయములో ముఖాదుల రూపు దిద్దు శస్త్రవైద్యమునకు మొట్టమొదటి ఆచార్యుడాయెను. 1949లో కాన్వర్స్ అను వైద్యునితో కలిసి ముఖపు గాయముల చికిత్సను గూర్చి పెద్ద గ్రంథము ప్రచురించెను. రెండవ మహాయుద్ధములో ముఖములు పగిలినవారికి వైద్యము చేసిన అనేకులు ఆయన మార్గమునే అనుసరించిరి.

ఆయన పట్టినదెల్ల బంగారమాయెనని చెప్పను. 1931లో వియన్నా పట్టణమున, నోటిలో పుండుతో బాధపడుచున్న ఫ్రాయిడ్ అను ప్రసిద్ధ పండితునికి అంగిలి బిళ్ల చేసి యిచ్చెను. అది అతనికి నిలుకడయైన సుఖమునియ్యలేదు. కామియేలో బాగుపడినవారిలోను మచ్చలతోనే జీవితమంతయు గడిపినవారు కలరు. వైద్యుడు సృష్టికర్త కాడు. చెడినదానిలో మిగిలినదానిని కాపాడువాడు. కజాంజియన్ 1974 అక్టోబరులో, తొంబదియైదేండ్ల వయస్సున కన్నుమూసెను.

ధ్యానము

లూకా సువార్త పదియవ అధ్యాయములోని సమరయుని కథ మన పిల్లలకును తెలియును. ఆ కథను మనము సగమే జ్ఞాపకముంచుకొందుము: దారిలో పడియున్నవానిని చూచుట, నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టుట. మిగిలిన సగము పూటకూళ్ల యింటిలో జరిగినది. అతడు గాయపడినవానిని అక్కడికి తీసికొనిపోయి, రాత్రియంతయు పరామర్శించి, మరునాడు ఖర్చునకు డబ్బిచ్చి, మరల వచ్చెదనని మాటయిచ్చి వెళ్లెను. దారిలోని జాలి ఒక గడియది. పూటకూళ్ల యింటి బాధ్యత దినములది. మొదటిది చాలమందికి వచ్చును. రెండవది కొద్దిమందికే నిలుచును.

తుపాను వచ్చినప్పుడు, వరద వచ్చినప్పుడు, మన గ్రామములలోను మొదటి దినమున అందరును పరుగెత్తుదురు. బియ్యము వచ్చును, బట్టలు వచ్చును. నెల దాటిన తరువాత కాలు మానని ముసలివానియొద్దకు, మాట పడిపోయిన బిడ్డయొద్దకు ఎవరు పోవుదురు? మూడు నెలల గడువు తీరిన దినమున కజాంజియన్ ఎదుట నిలిచిన ప్రశ్న ఇదే. గడువు తీరినది, గాయము తీరలేదు. ఆ గాయమును మాన్పు పని తెలిసిన చేయి తనదే.

మన సంఘములలో నర్సులు కలరు, కాంపౌండర్లు కలరు, మంత్రసానులు కలరు. పట్టణములలో చదువుకొని దంతవైద్యులైన బిడ్డలును నేడు కలరు. మాది చిన్న పని, గొప్ప ఆపదలలో మమ్మును పిలువరు అని వారు అనుకొనరాదు. 1914లో పండ్ల డాక్టరును ఎవరును పిలువలేదు. పిలువనందున జరిగిన నష్టమును చూచితిమి. తల్లిదండ్రులారా, బిడ్డ చేత పట్టిన పని తీగలు లాగు కూలియైనను దానిని తక్కువ చేసి మాటలాడకుడి. ఆ వ్రేళ్లు నేర్చుకొనుచున్నది ఎవరి దవడకు, ఎవరి ముఖమునకు, ఏ దేశములో ఉపయోగపడునో మనమెరుగము. ఎర్జింజాన్ నుండి పారిపోయి వచ్చిన పదునారేండ్ల బాలుని కూలిపని, ఇరువదియేండ్లు గడిచిన తరువాత, కామియే తీరమున మూడు వేలమందికి అన్నము తినుటకు, మాటలాడుటకు, తిరిగి తమవారి ముఖము చూచుటకు ఉపయోగపడెను.